కట్టిన చెయ్యే విప్పాలి

వెళ్ళింది ఐదుగురం. అనుకున్న రోజుకి తిరిగొచ్చింది నలుగురు. వెనకబడిపోయిన ఆ ఐదోదాన్ని నేనే.

"ఆఫ్రికా వెళ్ళావంట కదా రత్నం, సింహాన్ని చూశావా?" అని అడగనివాళ్ళు లేరు కడియంలో. టీ కొట్టు దగ్గర అడిగారు, చర్చి మెట్ల మీద అడిగారు, లారీలకి మొక్కలెక్కించేవాళ్ళు పని ఆపి మరీ అడిగారు. సింహం లేదండీ, ఏనుగూ లేదు. నేను చూసిందల్లా ఒక గది, దాని వాకిట్లో ఒక వేపచెట్టు, నీమా అనే ఒక మనిషి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

పాలకొల్లులో చెమటకాయలు

మాది చిన్న నర్సరీ. మామిడి అంట్లు కట్టడం నాకు మా నాన్న నేర్పాడు. టాంజానియాలో ఒక చర్చి సంఘంతో మా చర్చి సంఘానికి స్నేహం. అక్కడి ఆడవాళ్ళు మామిడి మొక్కలు పెంచారట, అంటు కట్టడం ఎవరికీ తెలీదట, ఎవరైనా వచ్చి నేర్పుతారా అని అడిగారు. పాస్టరు గారు తిన్నగా నావైపు చూశారు.

"నాకు ఇంగ్లీషు రాదండి" అన్నాను.

"అంటుకి ఇంగ్లీషెందుకమ్మా?" అన్నారాయన.

అలా పాస్టరు గారు, నర్సు ఎస్తేరమ్మ, కుట్టుపని నేర్పే భార్యాభర్తలిద్దరు, నేను బయల్దేరాం. అంతకు వారం ముందు చెప్పి వద్దామని పాలకొల్లులో మా చెల్లి ఇంటికి వెళ్ళాను. దాని మనవడికి ఒళ్ళంతా పొక్కులు. "చెమటకాయలే అక్కా, ఎండలు చూడు ఎలా ఉన్నాయో" అంది. కాబోలనుకున్నాను. వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని, తాండ్ర తినిపించి, ముద్దులు కూడా పెట్టి వచ్చాను. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ఎర్రమట్టి, ఎండుగాలి

విమానం దిగాక బస్సు. అది ఎంతసేపు నడిచిందో నా నడుముకే తెలుసు. ఆగినచోటల్లా బుట్టలు నెత్తిన పెట్టుకుని కిటికీల దగ్గరికి వచ్చేస్తారు. ఒక అత్తం అరటిపళ్ళు రెండు వేల షిల్లింగులంటే నా గుండె ఝల్లుమంది. "మన డబ్బులో డెబ్బై రూపాయల్లోపే రత్నం, ఆ మొహమేంటి అలా పెట్టావు?" అని ఎస్తేరమ్మ నవ్వింది. పదివేల నోటు పెట్టి చిల్లర తీసుకునేటప్పుడు జమీందారులా అనిపించింది గానీ, ఆ జమీందారీ ఎంతసేపులెండి.

ఊరు దొదొమా వైపు లోపలికి. నేల ఎర్రన. మన జంగారెడ్డిగూడెం మెట్టలో దిగినట్టే అనిపించింది. అయితే అక్కడ కాలవా లేదు, చెరువూ లేదు, ఉన్నదల్లా గాలి. పొద్దున్నే మొదలై పెదాలు పగిలేదాకా వీచేది. నేను పెదాలకి కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను. ఆ గాలి మొక్కనేం చేస్తుందో ఆలోచించలేదు.

మనుషులు మాత్రం మనవాళ్ళ కంటే మర్యాదస్తులు. అండీ, గారూ అని మనం మురిసిపోతాం గానీ, అక్కడ చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి ఎదురైతే "షికామో" అని దండం పెట్టినట్టు పలకరించాలి, పెద్దవాళ్ళు "మరహబా" అని అందుకోవాలి. తల నెరిసింది కదా, అందరూ నాకే పెట్టేవారు. మొదటిరోజు సిగ్గేసింది. మూడోరోజుకి ఒకమ్మాయి పెట్టకుండా వెళ్ళిపోతే కోపం వచ్చింది.

భోజనానికి కూచుంటే లేవనివ్వరు. చెంబుతో నీళ్ళు తెచ్చి కూచున్నచోటే చేతుల మీద పోస్తారు. మనం కాళ్ళకి నీళ్ళిస్తాం, వాళ్ళు చేతులకి. పెట్టేది ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి సంకటి. గోదావరి మనిషికి అన్నం మెతుకు తగలకపోతే ఎన్ని తిన్నా తిన్నట్టుండదు కదండీ, నేనూ మొహం వేలాడేశాను. అంతలో పక్కన చిన్న చిన్న ఎండుచేపల పులుసు పెట్టారు. వాసన తగలగానే "ఎస్తేరమ్మా, మెత్తళ్ళు!" అని కేకేశాను. ఇంక నాకూ ఉగాలికీ పేచీ లేదు.

నీమా మొక్కలు

అక్కడి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద నీమా. నీమా అంటే కృప అట. మన చర్చిలో అయితే కృపమ్మ అనేవాళ్ళం. భర్త పోయాడు. పొడుగాటి మనిషి, నవ్వు కాస్త ఆలస్యంగా వస్తుంది గానీ వచ్చిందంటే ఆగదు. ఊరి బడిలో టీచరు ఎలియా, ఆవిడ మాట ఇంగ్లీషులో ఎస్తేరమ్మకి చెప్పేవాడు, ఎస్తేరమ్మ తెలుగులో నాకు చెప్పేది. ఒక్క మాట నా దగ్గరికి రావాలంటే రెండు ఏర్లు దాటాలి.

టెంకలు నాటి, ఎక్కడో బోరింగు దగ్గర్నించి నీళ్ళు నెత్తిన మోసి, ఏడాదిపాటు పెంచిన మొక్కలు వాళ్ళవి. ఒక్కో ఆడమనిషివి కొన్ని. నాటు మొక్కని ఎవరూ కొనరు, అంటు మొక్కకి మంచి ధర. అందుకే నన్ను పిలిచారు. తీరా పిలిచాక, మొక్క తల నరికి, చీల్చి, మంచి చెట్టు పుల్ల ఒకటి చెక్కి అందులో దించాలి అని చెప్పేసరికి అందరూ బిక్కచచ్చిపోయారు.

"ఏడాది పెంచింది తల నరకడానికా?" అందొక ముసలావిడ. అందరూ నీమావైపు చూశారు.

నీమా తన మొక్క తెచ్చి నా ముందు పెట్టింది. "ముందు నాది నరుకు. పోతే అందరికీ నేను జవాబు చెప్పుకుంటాను" అంది.

నరికాను. పుల్ల దించి, ప్లాస్టిక్ రిబ్బను బిగించి చుట్టాను. చుడుతూ మా నాన్న మాట కూడా చెప్పాను. కట్టిన చెయ్యే విప్పాలి అనేవాడాయన. అంటు అతుక్కున్నాక రిబ్బను తీసెయ్యాలి, లేకపోతే కాండం లావెక్కి గొంతు నులిమినట్టవుతుంది. ఆ తీసేది ఎవరు కట్టారో వాళ్ళే తీయాలని మా ఇంట్లో పట్టింపు. బతికిందో చచ్చిందో తన కళ్ళతో చూసుకోకుండా అంటు కట్టి పోకూడదని దానర్థం. ఈ మాట ఆ ఆడవాళ్ళకి తెగ నచ్చింది, తలలూపారు. "మరి నువ్వెళ్ళిపోతావు కదా?" అంది నీమా. "మా ఊరి గాలి తగిలిన చెయ్యమ్మా, నేను లేకపోయినా అతుక్కుంటాయి" అన్నాను. ఎంత పొగరో చూడండి!

వాళ్ళు నెమ్మదిగా కడుతుంటే నా చేతులు ఊరుకోవు. "ఇలా తే" అని లాక్కుని నేనే కట్టేశాను. మొక్కలన్నీ దాదాపు నా చేతిమీదే అయిపోయాయి. వాళ్ళు చూస్తూ కూచున్నారు.

పౌడరు మొహం

తిరుగు ప్రయాణం పొద్దున్న అద్దంలో చూసుకుంటే నుదుటి మీద నాలుగు పొక్కులు. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు గుర్తొచ్చాడు పాలకొల్లులో చెల్లి మనవడు. అయ్య బాబోయ్, అవి చెమటకాయలు కావు, ఆటలమ్మ!

నేనేం చేశానో చెబితే నవ్వుతారు. మొహానికి దట్టంగా పౌడరు కొట్టి, మోచేతులదాకా జాకెట్టు వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, ప్రార్థనకి వెళ్తున్నదానిలా వ్యాను దగ్గర నిలబడ్డాను. ఎస్తేరమ్మ నర్సు కదా, దాని కళ్ళు గప్పడం నా తరమా? కొంగు లాగి చూసింది. "ఇదేంటే, పిండి రుబ్బావా? చికెన్‌పాక్స్‌తో విమానం ఎక్కనిస్తారనుకున్నావా?" అంది. నాకింకా దురదే మొదలవలేదు, అప్పటికే అది తన చేతులు తాను గోక్కుంటోంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు ఎస్తేరమ్మా?" అన్నాను. నవ్వలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ ఊరి ఆస్పత్రి డాక్టరమ్మ మాత్రలిచ్చి, పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా కదలకూడదు, ఎవరి దగ్గరికీ పోకూడదు అంది. "నాకు చిన్నప్పుడే వచ్చింది, నేను చూసుకుంటాను" అని నీమా ముందుకొచ్చింది. పాస్టరు గారు తానూ ఉండిపోతానన్నారు. "మీరుండి ఏం చేస్తారండీ, నా పొక్కులు లెక్కపెడతారా? వెళ్ళండి" అని నేనే పంపించేశాను. వ్యాను మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆ తర్వాత మంచం మీద పడి, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ దేశంలో నాకు తెలుగు మాట చెప్పేవాళ్ళే లేరు.

తాలింపు లేని ఇల్లు

నన్ను నీమా ఇంటి పక్క గదిలో పెట్టారు. వచ్చేపోయే వాళ్ళంతా కిటికీ అవతల నిలబడి "పోలే, పోలే" అనేవారు. మనం పాపం అన్నట్టు. కాలు తడబడినా పోలే, బరువు మోసినా పోలే, జబ్బు చేసినా పోలే. నేనెవర్నని నా గురించి అంతమంది పాపమనుకోవడం?

ఇంటికి ఫోను చేస్తే మా ఆయన కంటే ముందు మా అత్తగారు తెర మీదకొచ్చింది. "అమ్మోరు పోసిందంటగా రత్నం?"

వెనకనించి మా ఆయన, "అమ్మా, మనం అమ్మోరు అనకూడదు. చికెన్‌పాక్స్ అనాలి."

"సరేలేరా, ఆ పాక్సే. రత్నం, ప్రార్థన చేస్తున్నాం గానీ వేపాకు దొరుకుతుందేమో చూడు. పక్క మీద పరుచుకో. ఇంట్లో తాలింపు వెయ్యనివ్వకు, ఆ ఘాటు తగలకూడదు."

మూడు తరాల నించీ చర్చికి వెళ్ళే ఇల్లండీ మాది! అయినా ఆటలమ్మ వస్తే ఏ దేవుడి ఇంట్లో అయినా పోపుగరిటె మూలకి పోవాల్సిందే.

వేపాకు ఎక్కడ దొరుకుతుందా అని కిటికీలోంచి చూస్తే, వాకిట్లో చెట్టే వేపచెట్టు. అన్ని రోజులూ దాని కింద కూచుని టీ తాగాను, మనింటి చెట్టే కదా అని పలకరించనైనా లేదు. నలభై రోగాలకి మందని దాన్ని వాళ్ళు నలభై లెక్కతోనే పిలుస్తారని ఎలియా చేతులు తిప్పుతూ, తేలిక ఇంగ్లీషు ముక్కలతో చెప్పాడు. నేను చెయ్యి చూపించేలోపే నీమా రెమ్మలు విరిచి తెచ్చింది, ఆకులు మరగబెట్టి స్నానానికి నీళ్ళు పెట్టింది. ఎవరు చెప్పారావిడకి? మా అత్తగారు స్వాహిలిలో ఫోను చేయలేదు కదా.

తాలింపు సంగతి మాత్రం ఎలియా చేత చెప్పించాల్సి వచ్చింది. వంటగదివైపు చూపించి, ముక్కు మూసుకుని, నా ఒళ్ళు చూపించాను. అర్థమైందో లేదో అనుకున్నాను. ఆ రోజునించీ ఆ ఇంట్లో మూకుడు పొయ్యెక్కలేదు. ఉల్లిపాయ వేగలేదు, వాళ్ళు టీలోకి తినే తియ్య బోండాల్లాంటి మందాజీలూ కాలలేదు. ఇంటిల్లిపాదీ ఉడకేసినవి తిన్నారు. "మామా రత్నం, నువ్వెప్పుడు లేస్తావు? మందాజీ తిని చాలా రోజులైంది" అని రోజూ వాళ్ళింటికే టీకి వచ్చే ఎలియా కిటికీ దగ్గర మొర పెట్టుకున్నాడు. మామా అంటే వాళ్ళ భాషలో అమ్మ. నా ఇంటి పట్టింపు, నా దేవుడికి కూడా చెప్పుకోలేని పట్టింపు, ఆవిడ నోరెత్తకుండా పాటించింది.

పొద్దున్నా సాయంత్రం జావ తెచ్చేది. గ్లాసు ఇవ్వగానే నేను అడిగేది ఒకటే, "మొక్కలు?" వేళ్ళతో మొక్కలా చూపించేదాన్ని.

"న్‌జూరి" అనేది. బావున్నాయని. తల తిప్పుకుని బయటకి చూసేది.

ఎండుపుల్లలు

చెక్కులు రాలి, వేపాకు నీళ్ళతో తలంటు పోసుకుని బయటికొచ్చిన రోజు నేను తిన్నగా మొక్కల పందిరి దగ్గరికి వెళ్ళాను. నీమా చెయ్యి పట్టుకుని ఆపబోయింది. వినలేదు.

వరస వరసంతా నల్లబడిపోయిన పుల్లలు. గోరుతో గీస్తే లోపల పొడి. నేను కట్టిన రిబ్బన్లు మాత్రం చక్కగా, బిగుతుగా, మెరుస్తూ ఉన్నాయి. చివర్న ఆడవాళ్ళు స్నానాలు చేసే తడిక పక్కన ఉన్న కొద్ది మొక్కలు తప్ప అన్నీ పోయాయి.

ఎలియాని పిలిపించి అడిగాను. నేను మంచం పట్టిన వారానికే ఎండడం మొదలైందట. కొంతమంది ఆడవాళ్ళు రావడం మానేశారట. ఆ ముసలావిడ నీమాని ఆదివారం అందరి ముందూ నిలదీసిందట, మా ఏడాది కష్టం ఎవరిస్తారని. అవన్నీ పడి వచ్చి నీమా నాకు జావ కాచి పెట్టేది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

నీమా చెప్పింది, ఎలియా నాకు అర్థమయ్యే నాలుగు ఇంగ్లీషు మాటల్లో పెట్టాడు. జబ్బు మనిషికి చెడు కబురు చెప్పకూడదు, అది ఒంటికి ఎక్కుతుంది.

మాకూ అంతే కదమ్మా, అనుకున్నాను. మా ఇళ్ళల్లోనూ అంతే. నీమాని కావలించుకుని ఏడ్చేశాను. నేను విమానం ఎక్కి ఉంటే ఈపాటికి కడియంలో కూచుని, ఆఫ్రికాలో అంట్లు కట్టొచ్చానని గొప్పలు చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఇవి ఇక్కడ ఎండిపోయేవి, ఈ మనిషి ఒక్కతే మాటలు పడేది.

ఏడుపు అయ్యాక మెదడు పనిచేసింది. తడిక పక్కవే ఎందుకు బతికాయి? అక్కడ నేలంతా తడి. కడియంలో చుట్టూ కాలవలు, గాలిలోనే నీళ్ళుంటాయి, పుల్లకి కప్పు వెయ్యకపోయినా బతికేస్తుంది. ఇక్కడ ఆ గాలి అతుకు పడేలోపే పుల్లని పీల్చేసింది. పెదాలకి రాసుకున్న నూనె పాటి ఆలోచన మొక్కలకి చెయ్యలేకపోయాను. పుల్లలు పోయినా కింద కాండం గోరుతో గీస్తే పచ్చగానే ఉంది. ఇంకొంచెం కిందకి నరికి ఇంకొకసారి కట్టొచ్చు. ఆ ఒక్కసారే, ఆపైన కాండం మిగలదు.

ఆ వారంలోనే నాకు టిక్కెట్టు కూడా ఖాయమైంది. మా ఆయనకి ఫోను చేశాను.

"ఇక్కడ తొలకరి పడింది, లారీలు వరస కట్టాయి, కూలీలు దొరకట్లేదు, ఇంకా ఉంటానంటావేంటి?" అన్నాడు.

"అంట్లు పోయాయండీ."

"ఎన్ని?"

"కొన్ని తప్ప అన్నీ."

"నువ్వు కట్టినవా?"

"నేను కట్టినవే."

"అయితే రాకు. చిగురు కనపడేదాకా కడియంలో కాలు పెట్టకు, మామయ్య పరువు పోద్ది. లారీల సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆయన మామయ్య అన్నది మా నాన్నని. పోయి చాన్నాళ్ళయింది, ఇంకా ఆయన పరువు మా ఇంట్లో నడుస్తూనే ఉంది.

సీసాల కింద చిగురు

కప్పు వెయ్యాలంటే ప్లాస్టిక్ సంచులు కావాలి. ఆ దేశంలో సంచులు నిషేధం. ఖాళీ నీళ్ళ సీసాలు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక నీమా లేచి నిలబడి, పోయాయని దాచకుండా చెప్పి, సీసాలు తెమ్మని అడిగింది. మర్నాడు గోనెలతో వచ్చాయి. ఆ ముసలావిడ కూడా తెచ్చింది, మొహం ముడుచుకునే తెచ్చింది.

బ్లేడు పట్టుకున్నాను గానీ కోత తిన్నగా రాలేదు. జబ్బు ఇంకా ఒంట్లోనే ఉంది, రిబ్బను బిగించలేకపోయాను. లాక్కుని కట్టే రత్నం ఏమైపోయిందో. కూచుని చెప్పడం మాత్రమే మిగిలింది. నీమా నరికింది, చెక్కింది, దించింది, కట్టింది. పక్కన ఇంకొకావిడ, ఆ పక్కన ముసలావిడ. తప్పు చేస్తే "పోలే" అనేదాన్ని, నవ్వేవాళ్ళు. అడుగు కోసిన సీసా ఒక్కో మొక్క మీద బోర్లించి మట్టిలోకి నొక్కారు. ఆ సాయంత్రం నీమా మూకుడు పొయ్యి మీద పెట్టి మందాజీలు కాల్చింది. ఎలియా ఎన్ని తిన్నాడో చెప్పను, మాస్టారి మర్యాద పోతుంది.

సీసాల లోపల చెమట పట్టినట్టు నీటిబొట్లు కట్టాయి. ఒకరోజు పొద్దున్నే నీమా గది బయటనించి గట్టిగా అరిచింది. పాము కాబోలని పరిగెత్తాను. సీసా లోపల, పుల్ల కొసన, రాగిరంగు మొగ్గ విచ్చుకుంటోంది. తర్వాత ఇంకొకటి, తర్వాత వరసంతా. ముసలావిడ వచ్చి నాకు షికామో పెట్టింది. నా కంటే పెద్దావిడ! "వద్దమ్మా" అని నేనే ఆవిడ కాళ్ళకి దండం పెట్టాను.

ఎదురు చూస్తున్న రిబ్బను

కడియం వచ్చేశాను. మా ఆయన చిక్కిపోయాడు, మా అత్తగారు మాత్రం నా మొహం మీద మచ్చలు లెక్కపెట్టి, తాలింపు వేసుంటారు ఎవరో అని తేల్చేసింది.

మొన్న నీమా వీడియో కాల్ చేసింది. పక్కన ఎలియా. మొక్కలు గజమెత్తు ఎదిగాయి. కట్టిన ఆడవాళ్ళందరూ వచ్చి, ఎవరు కట్టినవి వాళ్ళే రిబ్బన్లు విప్పుతున్నారు. ముసలావిడ తన రిబ్బను తీసి ఫోనుకి అడ్డంగా ఊపింది. మా నర్సరీలో అందరం పని ఆపి చూశాం.

అన్నీ అయ్యాక నీమా ఫోను పట్టుకుని స్నానాల తడిక దగ్గరికి నడిచింది. మొదటిసారి నేను కట్టినవాట్లో బతికిన ఆ కొద్ది మొక్కలు అక్కడున్నాయి. అన్నిటికంటే ఏపుగా ఉన్నాయి. రిబ్బన్లు అలాగే ఉన్నాయి.

"అవెందుకు విప్పలేదు? గొంతు నులిమేస్తుంది, విప్పు, విప్పు!" అని తెలుగులోనే అరిచాను. భాష తెలియకపోయినా నా కంగారు అర్థమైనట్టుంది, ఆ ఆలస్యంగా వచ్చే నవ్వు నవ్వింది. ఫోను దగ్గరగా పెట్టి చూపించింది. రిబ్బనుకీ కాండానికీ మధ్య తన వేలు దూర్చింది. వేలు సులువుగా పట్టింది. బిగుతు తీసి, వదులుగా మళ్ళీ చుట్టి ఉంచిందన్నమాట. మొక్క పెరిగేకొద్దీ అలాగే వదులు చేస్తూ వస్తోందట.

"ఇవి నేను విప్పను" అంది, ఎలియా చెప్పాడు. "ఎవరినీ విప్పనివ్వను. కట్టిన చెయ్యే విప్పాలని నువ్వే అన్నావు."

మా ఆయన నా భుజం మీదుగా ఫోనులోకి చూస్తూ నిలబడ్డాడు. కాల్ అయిపోయాక లోపలికి వెళ్ళి, బీరువా అడుగున బట్టల కింద పెట్టేసిన నా పాస్‌పోర్టు తీసి, చేతికందేలా పై అరలో పెట్టాడు.